ఆకలికి పటము

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయమునకు వచ్చిన యాత్రికుడు ఏకశిలానందిని చూచి, నేలకు ఆనని స్తంభము క్రింద గుడ్డ జొనిపి చూచి, పైకప్పు చిత్తరువులకై తల యెత్తి యెత్తి మెడ నొచ్చిన పిమ్మట, దృష్టి నేలమీదికి మరల్చినప్పుడు ఒక విచిత్రము కనబడును. అచ్చటి బండపరపులో గుండ్రని కంచములు తొలిచి యున్నవి; అన్నమునకు కొంత చోటును, కూరకు, పులుసునకు తగినట్లు చిన్న చిన్న గుంటలును వానిలో కలవు. పదునాఱవ శతాబ్దమున అచ్యుతరాయల కాలములో విరుపణ్ణ వీరణ్ణ సోదరులు ఈ గుడి కట్టించుచుండగా పనిచేసిన శిల్పులు భుజించిన కంచము లివియే యని స్థానికులు చెప్పుదురు. ఆ మాటను తేల్చుట పురాతత్త్వజ్ఞుల పని. ఆ కంచములను తలచినప్పుడెల్ల నాకు తోచు ప్రశ్న వేఱు. అయిదు శతాబ్దముల నాటి రాతికంచమును ఇంత స్పష్టముగా వర్ణింపగలిగిన మనము, నేడు ఈ చుట్టుప్రక్కల ఊళ్ళలో ఏ యింటి కంచమున ఏ నెలలో ఏమి పడుచున్నదో చెప్పగలమా?

వానను కొలుచుటకు మనకు సాధనము లున్నవి. ఏ మండలమున ఏ దినమున ఎన్ని మిల్లీమీటర్లు కురిసినదో తెలియుటకు ఇప్పుడు జాగు లేదు. లేపాక్షి చేరియుండిన పూర్వపు అనంతపురము జిల్లా సాలీనా వర్షపాతము సగటున సుమారు 550 మిల్లీమీటర్లే యనియు, దేశమున మిక్కిలి తక్కువ వాన పడు జిల్లాలలో ఇదియు ఒకటి యనియు ఇచ్చటి బడిపిల్లవాడు కూడ వల్లించును. ముంగారు వానకు పదునైనదా, విత్తనము పడినదా, వేరుసెనగ ఊడలు దిగు వేళకు చినుకు రాలినదా యన్నది రైతునకే గాక ఆకాశమునందు తిరుగు ఉపగ్రహములకును కనబడును; హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఆ చిత్రములనుండి పైరుల పచ్చదనమును లెక్కగట్టుదురు. కాని వానకును కంచమునకును నడుమ చాల దూరము కలదు. ఆ దూరములో కూలి కలదు, ధర కలదు, అప్పు కలదు, రేషన్ దుకాణము కలదు, బెంగుళూరునకు పోవు వలసబండి కలదు, ఇంటిలో ఎవరు ముందు తినవలెను, ఎవరు తుదకు తినవలెను అను ఆచారము కలదు. ఇన్నిటిని దాటి వచ్చిన తరువాత మిగిలినదే కంచములోని ముద్ద. ఆ ముద్దను కొలువకుండ వానను మాత్రమే కొలిచి, ఆకలి యెచ్చట నున్నదో తెలిసినదనుకొనుట పొరపాటు.

ఆకలిని లెక్కించు విద్య ఈ గడ్డమీద మిక్కిలి క్రూరమైన రీతిని ఆరంభమైనది. 1876వ సంవత్సరము మన పంచాంగమున ధాత నామ సంవత్సరము; ఆ యేట పట్టిన కఱవు మద్రాసు రాజధానిని రెండేండ్లు పీడించినది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము తాలూకాలు అప్పుడు బళ్ళారి జిల్లాలోనివి; అనంతపురము వేఱు జిల్లాగా ఏర్పడినది 1882లోనే. ఇండియా ప్రభుత్వపు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, సహాయపు పనులకు వచ్చు మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. ఎండలో దినమంతయు రాళ్ళు కొట్టువానికి ఈ కొలత చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు విలియం కార్నిష్ వాదించి, పౌనున్నర ధాన్యమును, దానికి తోడు పప్పును, కూరలను ఇయ్యవలసినదే యని పట్టుపట్టెను. చివరకు 1877లో మద్రాసు ప్రభుత్వము సగము దూరము దిగివచ్చి, ధాన్యమును సుమారు 570 గ్రాములకు హెచ్చించి, కొంచెము పప్పును చేర్చినది. ఆ నూటయిరువది గ్రాముల వ్యత్యాసములో ఎన్ని ప్రాణములు నిలిచినవో, పడినవో ఎవ్వరును లెక్కింపలేదు. ఆహారపు కొలతను గూర్చిన వివాదము పండితుల వినోదము కాదని నేను గట్టిగా నమ్ముటకు ఈ యొక్క చరిత్రయే చాలును.

ఆ కఱవు ముగిసిన పిమ్మట నియమింపబడిన సంఘము 1880లో నివేదిక సమర్పించగా, దాని ననుసరించి కఱవు నిబంధనలు పుట్టినవి. వానిలో ఒక సూక్ష్మమైన యుక్తి కలదు. ధరలు పెరుగుట, జనము ఊళ్ళు విడిచి తిరుగుట, అప్పు పుట్టకపోవుట, దొంగతనములు హెచ్చుట – ఇట్టి చిహ్నములు కనబడినప్పుడు అధికారి పరీక్షాపనుల నారంభింపవలెను. తక్కువ కూలికి కఠినమైన పని చేయుటకు జనము తండోపతండములుగా వచ్చినచో కఱవు నిజమే యని తేలును, రానిచో లేదు. మనుష్యుని నిస్సహాయతనే కొలబద్దగా చేసిన ఈ పద్ధతిలో కాఠిన్యము కలదు గాని సత్యము లేకపోలేదు. 2006 ఫిబ్రవరి 2న ఇదే అనంతపురము జిల్లా నార్పల మండలము బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనప్పుడు, పని యడుగుట హక్కుగా మారినది; దానితోపాటు, ఏ పంచాయతీలో ఏ నెలలో ఎందఱు పని కోరిరను లెక్క తనంతట తానే ఒక ఆకలి సూచిక యైనది. పూర్వము దొరతనమువారు పరీక్ష పెట్టి తెలిసికొన్నదానిని నేడు కాగితముమీది అర్జీలే తెలుపగలవు. వానిని ఆ దృష్టితో చదువువారు కావలెను.

అయితే పొలముపనిని మాత్రమే చూచు కొలతకు ధర్మవరము అందదు. అచ్చటి పట్టుచీర దేశదేశములందు ప్రసిద్ధము; అది నేయువాని యింట పొలము లేదు, వానతో నేరుగా సంబంధము లేదు. అయినను పట్టునూలు ధర పెరిగి చీర అమ్ముడుపోని నెలలో అతని పొయ్యిమీదికి సైతము కఱవు వచ్చును. 1981లో అమర్త్యసేన్ తన కఱవుల గ్రంథమున చూపిన సూత్ర మిదియే. 1943లో వంగదేశమున దొరికిన ఆహారధాన్యము అంతకుముందటి అయిదేండ్ల సగటుకంటె నూటికి అయిదు వంతులు మాత్రమే తక్కువ, కఱవు లేని 1941 నాటికంటె ఎక్కువ; ఐనను లక్షలాది జనులు మరణించిరి. ఏలన, ధాన్యము ఉన్నను దానిని పొందు శక్తి కూలివానికిని, జాలరికిని, చేతిపనివానికిని నశించినది. కావున వర్షపాతపు పటములో ధర్మవరము పచ్చగా నున్న యేట సైతము ఆకలి పటములో అందలి ఒక వీధి ఎఱ్ఱగా ఉండవచ్చును. ఈ రెండు పటములు ఒకటి కావు.

ఇక కంచమును కొలుచు మార్గము లేవి? మొదటిది తూచుట. 1918లో కూనూరులో మెకారిసన్ స్థాపించిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అదియే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దాని యాజమాన్యమున 1972లో ఏర్పడిన జాతీయ పోషణ పర్యవేక్షక విభాగమువారు ఆంధ్రదేశముతో సహా పలు రాష్ట్రములలో ఇండ్లకు పోయి, వండబోవు గింజలను త్రాసులో తూచియు, నిన్న ఏమి తింటిరని యడిగి ప్రమాణపు గిన్నెలతో పోల్చియు, దశాబ్దములపాటు లెక్కలు వ్రాసిరి. ఇంతకంటె నమ్మదగిన కొలత వేఱొకటి లేదు. కాని ఇది యెంతో శ్రమతో కూడినది, ఖర్చుతో కూడినది. ఆ విభాగము 2015లో మూతపడినది. అది మన దేశపు విజ్ఞానమునకు కలిగిన నష్టములలో ఒకటి యని నా యభిప్రాయము.

రెండవది శరీరమును కొలుచుట. అయిదేండ్లలోపు బిడ్డ వయస్సునకు తగిన ఎత్తు లేనిచో అది దీర్ఘకాలపు వెలితి. ఎత్తునకు తగిన బరువు లేనిచో అది ఇటీవలి వెలితి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో బిడ్డ ప్రాణము అపాయములో నున్నదని గుర్తు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది ఎదుగుదల కుంటుపడినవారు, 16 మంది బక్కచిక్కినవారు. పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. ఈ కొలతకు గల లోప మొకటే: బిడ్డ జబ్బ సన్నబడిన దినమునకు ఇంటిలో ఆకలి ప్రవేశించి చాల కాలమై యుండును.

అందుచేత మూడవది వచ్చినది, అది అడుగుట. 1980ల చివరి సంవత్సరములలో కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు న్యూయార్కు రాష్ట్రమందలి పేద స్త్రీలతో కూర్చుండి, మీ యింట ఆకలి యెట్లు వచ్చునని యడుగగా, దానికి ఒక క్రమ మున్నట్లు తేలినది. మొదట దిగులు, పిదప తినదగినవి తగ్గి ఒకే తిండి, ఆపైన పెద్దలు తమ పాలు తగ్గించుకొనుట, పిల్లల కంచములోనిది తగ్గుట అన్నిటికంటె చివర. ఈ త్రోవనే సాగి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ఎనిమిది ప్రశ్నల కొలబద్దను నిర్మించినది. గడచిన పండ్రెండు నెలలలో డబ్బు లేక తిండికై దిగులుపడితిరా, బలమైన తిండి తినలేకపోతిరా, ఒకటి రెండు రకములతోనే సరిపెట్టుకొంటిరా, పూట తప్పితిరా, తినవలసినదానికంటె తక్కువ తింటిరా, ఇంట తిండి అయిపోయినదా, ఆకలియైనను తినకుంటిరా, దినమంతయు పస్తుంటిరా? ఇవియే ఆ ప్రశ్నలు.

ఈ ప్రశ్నలను మన సీమలోని దిగుడుబావి మెట్లతో పోల్చవచ్చును. ఎనిమిదవ మెట్టుమీద నున్నవాడు ఏడు మెట్లు దిగియే యుండవలెను. ఎవరైన దినమంతయు పస్తున్నామని చెప్పి, దిగులు మాత్రము లేదనినచో, ఆ ప్రశ్న వారికి సరిగా అర్థము కాలేదన్నమాట. వేలకొలది ఇండ్ల జవాబులను ఇట్లు సరిచూచి, ఏ మెట్టు ఎంత లోతున నున్నదో గణించు పద్ధతికి డేనిష్ గణితజ్ఞుడు జార్జ్ రాష్ మూలపురుషుడు. దాని మహిమ యేమన, ప్రశ్నలు తప్పుగా అడుగబడినచో లెక్కయే ఆ తప్పును పట్టిచ్చును.

అయినను లెక్కకు పూర్వము భాష కలదు. మన యిండ్లలో బియ్యము అయిపోయినవని ఇల్లాలు చెప్పదు. అది అమంగళమని, 'నిండుకొన్నవి' అనును. పొరుగునుండి వచ్చి పుస్తకపు తెలుగు మాత్రమే యెఱిగిన గణకుడు ఆ మాట విని, ఆ యింట బియ్యము నిండుగా నున్నవని వ్రాసికొనిన, విజ్ఞానశాస్త్ర మంతయు ఒక్క క్రియాపదముదగ్గర కూలిపోవును. మఱియు పరువు కలదు. ముఖ మెఱుగనివాడు తింటివా యని యడిగిన 'తిన్నాములే నాయనా' యనుటయే మర్యాద. అడుగువారు ఆ ఊరి స్త్రీలే యైనప్పుడు, ప్రశ్న చెవిలో చెప్పినట్లు అడిగినప్పుడు, జవాబు వేఱుగా వచ్చును.

ఇప్పుడు పటమునకు వత్తము. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలు స్థాలీపులాకన్యాయము చెప్పిరి. నమూనా సర్వేలకు మూలసూత్ర మదియే. కాని ఆ న్యాయము ఒక కుండకు మాత్రమే చెల్లును; పది పొయ్యిలమీద పది కుండలున్నప్పుడు ఒక మెతుకు దేనిని చెప్పగలదు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశమందలి 707 జిల్లాలలో సుమారు 6 లక్షల 37 వేల ఇండ్లను దర్శించినది. సగటున జిల్లాకు 900 ఇండ్లు, నలువదికి కొంచెము మించిన గ్రామములు, వాడలు. అప్పటి అనంతపురము జిల్లాలో 63 మండలములు, 2011 గణనము ప్రకారము 40 లక్షలకు పైగా జనము. సగటు లెక్క నిచ్చట అన్వయించిన, కనీసము ఇరువది మండలములలో ఒక్క యింటి తలుపైనను తట్టబడి యుండదు. జిల్లాను గూర్చి ఆ సర్వే చెప్పినది నిజమే కావచ్చును. లేపాక్షిని గూర్చి అది యేమియు చెప్పలేదు. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడిన తరువాత, హిందూపురము, పెనుకొండ, ధర్మవరములు కొత్త సరిహద్దులలోనికి వచ్చినవి. పాత సగటు పాత జిల్లాతోనే నిలిచిపోయినది.

సగటు మఱియొక విధముగను వంచించును. పెనుకొండ దాపున ఎఱ్ఱమంచిలో 2019లో కార్ల కర్మాగారము ఉత్పత్తి నారంభించినది. మండలపు ఆదాయపు లెక్క దానితో ఒక్కసారిగా పెరుగును. ప్రక్క పల్లెలో చింతపండు కొట్టి దినకూలి తెచ్చుకొను వితంతువు కంచములో ఆ పెరుగుదల కనబడవలెనను నియమము లేదు. వలసపోయిన యింటికి తాళము వేసి యుండును గనుక గణకుడు దానిని దాటిపోవును. ఆ తాళమే ఆ యింటి జవాబని గ్రహింపడు.

ఈ చిక్కును విప్పుటకు గణాంకశాస్త్రజ్ఞులు ఒక ఉపాయము కనిపెట్టిరి. కొద్ది యిండ్లలో లోతుగా అడిగిన సర్వేయందు, ఇంటి గోడలు, భూమి, చదువు, పశువులు మొదలగు వానికిని ఆకలికిని గల సంబంధమును గుర్తించి, ఆ సంబంధమును ప్రతి యింటిని లెక్కించిన జనగణనమునకు అన్వయించి, చిన్న ప్రదేశములకు సైతము అంచనా కట్టుదురు. 2001లో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు, ప్రపంచ ఆహార కార్యక్రమమును కలిసి గ్రామీణ భారతపు ఆహార అభద్రతకు పటముల గ్రంథమును వెలువరించినప్పుడు రాష్ట్రములు రంగులు దాల్చినవి. అది గొప్ప యారంభము. రాష్ట్రమునుండి జిల్లాకు, జిల్లానుండి మండలమునకు, మండలమునుండి వీధికి ఆ పటము దిగిరావలెను.

అట్లు దిగివచ్చిన సందర్భము మన దేశముననే కలదు. 2000లో ఆంధ్రప్రదేశ్‌లో ఆఱు జిల్లాలలో వెలుగు పథకము మొదలైనప్పుడు అనంతపురము అందొకటి. ఆ పథకపు గ్రామములలో స్త్రీలే కూర్చుండి, ఊరిలో అందఱికంటె పేదవారెవరో తామే తేల్చిరి. పిమ్మట మహిళాసంఘములు ఒక్కొక్క యింటికి నెలకు ఎన్ని కిలోల బియ్యము కావలెను, రేషన్‌లో వచ్చున దెంత, కొఱవ యెంత యని లెక్కకట్టి, ఆ కొఱవకు సరిపడు బియ్యమును ఒక్కసారిగా టోకున కొని, ఇంటింటికి అరువిచ్చి, వాయిదాలమీద వసూలు చేసికొనిరి. ఇందులో కొలతకును చర్యకును నడుమ ఏ నివేదికయు లేదు; కొలిచినవారే వడ్డించిరి. నేను చదివిన పద్ధతులన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైన దిదియే.

దీర్ఘకాలము ఓపికగా కొలిచిన ఫలమును ఇచ్చటనే చూడవచ్చును. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు యంగ్ లైవ్స్ అధ్యయనము 2002 మొదలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడువేలమంది పిల్లలను వారి యెదుగుదల వెంబడి అనుసరించినది. అనంతపురము జిల్లా అందులో నున్నది. ఆ పిల్లలలో 1,918 మంది లెక్కలను సుకుమార్ వెల్లక్కల్ ప్రభృతులు 2015లో పరిశీలింపగా, బక్కచిక్కినవారు 2002లో నూటికి 19.4, 2006లో 18.8 ఉండగా, ఆహారపు ధరలు మండిన 2009 నాటికి 28కి పెరిగిరని తేలినది. ధనికుల యిండ్లలో ఆ పెరుగుదల కనబడలేదు. అదే పిల్లల కొలతలనుండి అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్‌లు 2014లో మఱియొక సంగతి ప్రకటించిరి: కఱవులో శైశవము గడపి ఎదుగుదల తగ్గిన పిల్లలకు, 2003లో ఆరంభమైన మధ్యాహ్నభోజనము ఆ వెలితిని పూడ్చినది. ధర బిడ్డను బక్కచిక్కించుటయు, బడియన్నము బిడ్డను నిలబెట్టుటయు, రెండును అంకెలలో పట్టుబడినవి.

అన్నము ఉన్నంతమాత్రమున కంచము నిండినట్లేనా? ఈ ప్రాంతము రాగిసంగటి తిని బ్రదికిన ప్రాంతము. 1983లో ఎన్. టి. రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యము ప్రవేశపెట్టెను. తరువాత ఆయన హిందూపురమునుండియే శాసనసభకు ఎన్నికయ్యెను. ఆ బియ్యము కోట్లమంది కడుపు నింపినది, అందుకు చేయెత్తి మ్రొక్కవలసినదే. కాని పొలమున వేరుసెనగ పరుచుకొని, కంచమున బియ్యము పరుచుకొని, నడుమ రాగి, కొఱ్ఱ, సామ క్రమముగా తొలగినవి. నూరు గ్రాముల రాగులలో సున్నము (కాల్షియము) సుమారు 350 మిల్లీగ్రాములు. తెల్లబియ్యములో పదికి లోపే. అందుచేత, పూట తప్పలేదను జవాబు చూచి ఊరకుండరాదు. ఎన్ని రకములు తింటివను ప్రశ్నయు పటములో నెక్కవలెను. చెన్నేకొత్తపల్లి చెంత 1990 నుండి పనిచేయుచున్న టింబక్టు కలెక్టివ్ అను సంస్థ చిరుధాన్యముల సేద్యమును పునరుద్ధరించుటకు పాటుపడుచున్నది. 2023 మార్చిలో ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ ప్రవేశపెట్టినప్పుడు పుట్టపర్తి శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు అందుకు తోడ్పడినది. ఎచ్చట ఏ కొఱవ యున్నదో తెలిసిన పటమే ఇట్టి ప్రయత్నములకు దారి చూపగలదు.

ఒక్క హెచ్చరిక. ప్రతి నెలయు అంగన్‌వాడీలలో పిల్లలను తూచుచున్నారు. పటమునకు కావలసిన లెక్కలలో సగము అప్పుడే మన చేతిలో నున్నవి. కాని బరువు తక్కువ పిల్లలు హెచ్చుగా కనబడినందుకు కార్యకర్తనే మందలించినచో, మరునెల త్రాసు ముల్లు తానే పైకి జరుగును. ఆకలిని ఉన్నదున్నట్లు చూపినవారిని మెచ్చుకొని, వారి ఊరికే ముందుగా గ్రుడ్లు, పాలు, పప్పు పంపవలెను.

శ్రీ సత్యసాయి జిల్లాలో 32 మండలములున్నవి. ప్రతి గ్రామమునను ఉపాధ్యాయులు, సచివాలయ ఉద్యోగులు, మహిళాసంఘములవారు కలిసి, ఆ యెనిమిది ప్రశ్నలను ఏడాదికి రెండుమార్లు, పంట ఇంటికి వచ్చిన పుష్యములో ఒకసారి, గాదెలు ఖాళీయైన జ్యేష్ఠములో ఒకసారి, అడిగి వ్రాసికొనుడు. ఇంటి పేర్లు పటముమీద వేయకుడు. వీధివారీగా రంగు వేసి గ్రామసభలో చూపుడు. తాళము వేసిన యిండ్లను విడువక గుర్తించుడు. ఇంటి యజమాని అరుగుమీద కూర్చుండి జవాబు చెప్పబోయినను, లోనికి పోయి, అందఱికి వడ్డించి తుదకు తిను తల్లిని అడుగుడు.